మొదటి పేజీ నుంచి మాయమైన పనసగరువు

"మా ఊరు పోయింది సార్," అంది సత్యకుమారి.

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, మేడమీది ఆ చిన్న ఆఫీసులో డిటెక్టివ్ కూర్మారావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఎదురుగా కూర్చున్నామెకు ముప్పై ఏళ్లుంటాయి. 

"ఊరెక్కడికి పోతుందమ్మా?"

"కంప్యూటర్లోంచి పోయింది సార్."

ఆమె చెప్పుకొచ్చింది. అరకు దగ్గర పనసగరువులో గిరిజన మహిళల కాఫీ సంఘానికి ఆమె కార్యదర్శి. రెండేళ్ల క్రితం, 2005 చివర్లో, సంఘం ఒక వెబ్‌సైట్ పెట్టుకుంది. ఇంటర్నెట్‌లో అరకు కాఫీ అని ఎవరు వెతికినా మొదటి పేజీలో మొదటి పేరు వాళ్లదే. అది చూసి బెంగళూరు వాళ్లు, పుణె వాళ్లు నేరుగా గింజలు అడిగేవారు. సంతలో షావుకారు చెప్పిన ధరకు తలవంచే బాధ తప్పింది. మొన్న డిసెంబరు చివర్లో ఆ పేరు మాయమైంది. పది పేజీలు తిరగేసినా కనబడలేదు.

"ఆ సైటు పాస్‌వర్డు సైటు పని సూసే మా సంఘం కుర్రాడు సోంబరుకి తెలుసు, అరకు నెట్ సెంటర్ రాజేష్‌కి తెలుసు. సోంబరు షావుకారుకి అమ్ముడైపోనాడని ఊళ్లో అంటన్నారు. ఆదివారం సంఘం కూకుని ఆణ్ని తీసేత్తాది. ఆడు అలాటోడు కాడు సార్! డిసెంబరు రెండో సంత నాడు తీగ తెగి పొద్దున్నుంచి సందేళ దాకా లోయంతా కరెంటు లేదు. పళ్లు ఒలిసే మిషను ఆగిపోయింది. సేత్తో ఒలుద్దాం రండని మమ్మల్ని కూకోబెట్టినోడు ఆడే."

అసిస్టెంట్ గాయత్రి అప్పటికే సైటు తెరిచింది. ఒకప్పుడు కంప్యూటర్ పాఠాలు చెప్పిన అమ్మాయి. తెరమీద ఎర్రటి కాఫీ పళ్లు పట్టుకున్న ముసలి చేతుల ఫోటో, కింద నాలుగు పేరాలు. తప్పేమీ కనబడలేదు.

"మాటలు ఇక్కడే అయిపోయాయి కదా. కింద ఇంత ఖాళీ ఎందుకు?" అన్నాడు కూర్మారావు.

గాయత్రి మౌస్‌తో ఆ ఖాళీనంతా సెలెక్ట్ చేసింది. నీలం రంగు పరుచుకోగానే తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. అరకు కాఫీ, చౌక కాఫీ, మంచి కాఫీ అంటూ అవే మాటలు వందలసార్లు.

"తెల్ల కాగితం మీద తెల్ల సిరా సార్! మనిషికి కనబడదు, సెర్చ్ ఇంజన్ చదువుతుంది. దొంగదారిన పైకెక్కాలనుకునే వాళ్లు ఇలా చేస్తారు. పట్టుబడితే సైటును వరసలోంచే గెంటేస్తారు."

"అంటే సంఘమే దొంగ అనిపించేలా ఎవరో చేశారన్నమాట."

సత్యకుమారి లేచి నిలబడింది. "మేం దొంగలం కాదు సార్. ఎవులో తేల్చండి."

సైటును ఉంచిన హైదరాబాదు కంపెనీకి ఆమె చేతే అర్జీ పంపించారు. మర్నాడు జవాబు వచ్చింది. ఆ పేజీని చివరిసారి మార్చింది డిసెంబరు పధ్నాలుగు, శుక్రవారం, ఉదయం పదకొండు ఇరవైకి.

శనివారం ఇద్దరూ అరకులో దిగారు.

రాజేష్ నెట్ సెంటర్లో మూడు కంప్యూటర్లు. విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన అతను మర్యాదగా కుర్చీలు వేశాడు.

"పధ్నాలుగో తేదీ పదకొండింటికి ఇక్కడికి ఎవరొచ్చారు?"

రాజేష్ క్యాలెండరు తిప్పాడు. "శుక్రవారం, సంత రోజు. సోంబరు వచ్చాడు సార్. ఆ మూల సిస్టం ముందు గంటసేపు కూర్చున్నాడు. నేనిక్కడే ఉన్నాను, బాగా గుర్తు."

అంతలో కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీచుమంది. రాజేష్ గబగబా మూడు కంప్యూటర్లూ ఆపేశాడు.

"ఏమనుకోకండి సార్, ఇది పావుగంటే లాగుతుంది. జనరేటరు లేదు."

కూర్మారావు తలూపి లేచాడు.

పనసగరువులో ఇరవై నాలుగేళ్ల సోంబరు కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. ఎవరూ అతనితో మాట్లాడటం లేదు.

"ఆ చేతుల ఫోటో నువ్వే తీశావా?"

"నానే సార్. సోములమ్మ అత్తవి. నా మొకం ఎయ్యకురా అంది. అందుకే సేతుల వరకే కోసి పెట్టినాను."

"మొత్తం ఫోటో ఎవరి దగ్గరుంది?"

"రాజేష్ కంప్యూటర్లో ఉండాలి. అక్కడే ఎక్కించినాను. కెమెరాలోది సెరిపేసినాను. నాకు కంప్యూటరు ఏది సార్?" అతను వంగి గింజలు కలియబెట్టాడు. "నన్ను తీసేత్తే తియ్యనీండి. పేరు మాత్రం మళ్లీ రావాలి."

గాయత్రి సంచిలోంచి ఒక కాగితం తీసి కూర్మారావుకి ఇచ్చింది. అరకు కాఫీ అని వెతికితే ఇప్పుడు మొదటి స్థానంలో కనబడే కొత్త సైటుకు తీసిన ప్రింటు అది. చూసి ఆయన చిన్నగా నవ్వాడు. "రేపు అందర్నీ పిలవండి. రాజేష్‌నీ, సంతలో కాఫీ కొనే షావుకారు వరహాలరావునీ కూడా."

ఆదివారం ఉదయం సంఘం షెడ్డు నిండిపోయింది. కూర్మారావు ముందుగా వరహాలరావు వైపు తిరిగాడు.

"అందరి అనుమానం మీమీదే."

"నానేటి సేసినాను బాబూ? ఆ డబ్బా ఎలా తిప్పుతారో నాకు తెల్దు."

"నిజమే. ఇది సెర్చ్ ఇంజన్ లోగుట్టు తెలిసినవాడి పని." ఆయన గొంతు పెంచాడు. "సైటు మారింది డిసెంబరు పధ్నాలుగున. ఆ నెల రెండో సంత. ఆ రోజు కరెంటు ఉందా?"

"ఎక్కడిది?" అంది వెనకనుంచి సోములమ్మ. "ఈ గుంటడు నా పక్కనే కూకుని సందేళ దాకా తొక్కు తీసినాడు." అని సోంబరు వైపు చూసింది. ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"విన్నారుగా? అదే పూట సోంబరు తన సెంటర్లో గంటసేపు కంప్యూటరు వాడాడని రాజేష్ నాతో చెప్పాడు. లోయంతా కరెంటు లేదు, నీకు జనరేటరు లేదు, యూపీఎస్ పావుగంట. కంప్యూటరు ఎలా నడిచింది రాజేష్?"

"తేదీ పొరపాటు పడ్డానేమో సార్..."

"నా కొట్టు ఎదురుగుండానే," వరహాలరావు అందుకున్నాడు. "ఆ సంత నాడు నీ షట్టరు లెగనేదు కదేటి!"

"కరెంటు పోయిన సంగతి ఇతనికి తెలియదు. ఎందుకంటే ఆ రోజు ఇతను అరకులోనే లేడు," అన్నాడు కూర్మారావు. గాయత్రి కాగితం పైకెత్తి చూపించింది. కొత్త సైటులో అదే ఫోటో, కానీ చేతులతోపాటు సోములమ్మ ముఖం కూడా ఉంది.

"మొత్తం ఫోటో ఉన్నది ఒక్క నీ కంప్యూటర్లో. ఈ సైటు నీదే. పేజీ ఏ ఊరి నుంచి మారిందో హైదరాబాదు కంపెనీని పోలీసులు అడిగితే గంటలో తేలుతుంది. అడిగించమంటావా?"

రాజేష్ తల వాలిపోయింది. "విశాఖలో మా బావ ఇంటి నుంచి చేశాను. కాఫీ అమ్ముకుందామని పెట్టిన నా సైటు ఆర్నెల్లు రెండో స్థానంలోనే ఉండిపోయింది సార్. వీళ్లని దాటలేకపోయాను."

సోములమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. "వద్దన్న నా మొకాన్ని అమ్ముకున్నావట్రా? ఆడు నా మాట ఇన్నాడు. ఆణ్నే దొంగని సేసినావు." తర్వాత సోంబరు దగ్గరికెళ్లి అతని తల నిమిరింది. "మేమూ నమ్మేసినాం నాయనా. తప్పయిపోయింది."

ఆ సాయంత్రమే రాజేష్ జరిగినదంతా రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం పోలీసుస్టేషనుకు చేరింది. కొత్త సైటు మూతపడింది. గాయత్రి దొంగ అక్షరాలన్నీ చెరిపి, సైటును మళ్లీ వరసలోకి తీసుకోమని సెర్చ్ కంపెనీకి అర్జీ పంపింది.

"పాత స్థానం ఇప్పించడం నా చేతిలో లేదు," వెళ్తూ అన్నాడు కూర్మారావు. "దొంగదారి వద్దు. మీకు తెలిసినది రాయండి. వెతికేవాళ్లకి పనికొచ్చేది మీ దగ్గరే ఉంది."

సోంబరు ఇంటింటికీ తిరిగాడు. ఏ కొండమీద ఏ తోట, నీడకి ఏ చెట్టు, పండు ఎన్నాళ్లు ఆరాలి అని అడిగి రోజుకో పేజీ రాశాడు. సంఘం ఒక పాత కంప్యూటరు కొని షెడ్డులో పెట్టింది. నలభై మూడో రోజున సత్యకుమారి కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు. తెరమీద పనసగరువు పేరు ఉంది. మూడో వరసలో.

"పైన ఇంకా ఇద్దరున్నారేటి?" అడిగింది సోములమ్మ.

"ఉన్నారత్తా," అన్నాడు సోంబరు.

ఆమె పీట లాక్కుని అతని పక్కన కూర్చుంది. "అయితే మా తోట గురించి ఇంకా సెప్తాను. బేగి రాయి."