ఆరో టికెట్

"మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు సర్?"

ఆ ప్రశ్నకి కళ్లజోళ్లాయన మొహం చిట్లించాడు. "మేం వెళ్లేది స్కీయింగ్‌కండీ, నడక పోటీకి కాదు."

"అందుకే అడుగుతున్నా," అంది ట్రావెల్స్ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

నాలుగేళ్లుగా ఆ రెండో అంతస్తు ఆఫీసులో కూర్చుని జనాన్ని మంచుకొండలకి పంపిస్తున్న పిల్ల ఆమె. ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్నే వేస్తుంది. పరుగెత్తేవాడికి ఏ కొండైనా ఒకటే, నెమ్మదిగా నడిచే మనిషిని బట్టే ఊరు ఎంచాలని ఆమె పట్టుదల. మేనేజరుకి ఈ పద్ధతి నచ్చదు. కానీ వెళ్లొచ్చినవాళ్లు మళ్లీ ఆమెనే వెతుక్కుంటూ వస్తారు కాబట్టి నోరు మెదపడు.

ఇక ఈయనది వీధి చివర కళ్లజోళ్ల షాపు. జల్లులో తడుస్తూ వచ్చాడు. క్రిస్మస్ సెలవులకి అమ్మ, అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరు, తను, మొత్తం ఆరుగురు. ఎక్కడికన్నది తేల్చే పని ఇంట్లోవాళ్లు ఇతని నెత్తిన పెట్టారు.

"మా అమ్మ మార్నింగ్ వాక్‌కి బయల్దేరితే కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. పిల్లలకి కాళ్లు నేలమీద నిలవవు. మాలో నెమ్మదైనవాళ్లు ఎవరూ లేరు," అని కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత అన్నిటికంటే నిటారు కొండలున్న బ్రోషర్ మీద వేలు పెట్టాడు. "ఇది. బావకి ఇలాంటి స్లోపులంటే పిచ్చి."

"మరి మీకు?"

"నాకూ అంతే." మళ్లీ కళ్లజోడు, మళ్లీ చొక్కా.

కళ్లజోళ్లు అమ్మే మనిషి అద్దాలని చొక్కాతో తుడవడమేంటని ఆమెకి అప్పుడే అనుమానం వచ్చింది. అతను వెళ్లాక పాత బుకింగులు తెరిచింది. అప్పట్లో అవి పక్కసీటాయన చూసినవి. రెండేళ్లుగా ఇదే కుటుంబం, ఆరేసి టికెట్లు. రెండేళ్లూ ప్రయాణానికి రెండ్రోజుల ముందు ఒక టికెట్ కాన్సిల్. రెండుసార్లూ ఇతనిదే. కారణం, షాపులో పని.

నాలుగు రోజుల్లో అతను ఇంకో రెండుసార్లు వచ్చాడు. బ్రోషర్లో ఉన్న సంగతులే అడిగాడు. ఆ బిల్డింగు లిఫ్టుది నత్తనడక, అందుకే అందరూ మెట్లెక్కేస్తారు. ఇతను మాత్రం ఎంతసేపైనా లిఫ్టు కోసమే నిలబడతాడు. అదీ చూశాక ఆమె ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"క్రిస్మస్ వారంలో కళ్లజోళ్లు అంత అర్జెంటా సర్? ప్రతిసారీ మీ టికెట్టే ఎందుకు కాన్సిలవుతోంది?"

"నా టికెట్ నా ఇష్టం!" అని విసురుగా లేచాడు. లేచినవాడు రెండడుగులేసి, వెనక్కొచ్చి కూర్చున్నాడు.

"మూడేళ్ల క్రితం స్లోప్ మీద పడ్డాను. మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ సెలవులన్నీ అందరూ నా మంచం చుట్టూ కూర్చున్నారు. పిల్లలు కిటికీలోంచి మంచు చూస్తూ గడిపారు. నేను వెళ్తే అందరూ నాకోసం ఆగుతారండీ. నేను లేకపోతే హాయిగా ఉంటారు."

"హాయిగా ఉన్నామని వాళ్లు చెప్పారా?"

అతను మళ్లీ కళ్లజోడు తీశాడు. ఆమె సొరుగు అడుగునుంచి ఇంకో బ్రోషర్ తీసింది.

"ఇది చిన్న ఊరు. పెద్ద స్లోపైనా చిన్న స్లోపైనా దిగొచ్చేది ఒకే హోటల్ గుమ్మం ముందుకి. ఆ గుమ్మం నుంచే చదునుగా ఒక మంచుదారి ఉంది, నడవడానికి. ఎవరూ మీకోసం ఆగక్కర్లేదు. తిరిగి మీ దగ్గరికే వస్తారు."

"మీరు చూశారా?"

"లేదు. నాలుగేళ్లుగా మంచు అమ్ముతున్నానన్న మాటేగానీ, నేను ముట్టుకున్న మంచు ఫ్రిజ్‌లోదే."

అతను మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూశాక, ఇతను ఈసారి వెళ్లి తీరాలనిపించింది ఆమెకి. కస్టమరు మీద ఉండాల్సిన శ్రద్ధకంటే అది కాస్త ఎక్కువేనని తనకీ తెలుసు.

ఆ చిన్న ఊరికే టికెట్లు బుక్ అయ్యాయి. ప్రయాణం ఇంకా రెండ్రోజులుందనగా, పొద్దుట్నుంచీ ఆమె చూపు ఫోన్ మీదే. "దానికి దిష్టి తగుల్తుందమ్మా," అన్నాడు పక్కసీటాయన. పదకొండింటికి మోగింది. అతనే.

"నా టికెట్ గురించి..."

"కాన్సిల్ చెయ్యాలా?"

"కిటికీ పక్క సీటు దొరుకుతుందా అని."

"దొరక్కపోతే పైలట్‌ని లేపైనా ఇప్పిస్తా!"

సెలవులయ్యాయి. కొత్త సంవత్సరం మూడో రోజు సాయంత్రం మెట్లమీద చప్పుడైంది. ఒక అడుగు, కాస్త ఆగి దాని పక్కనే రెండో అడుగు. ఆమె గబుక్కున బయటికి పరుగెత్తింది. కిందిమలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు కళ్లజోళ్లాయన, నుదుటిమీద చెమటతో.

"లిఫ్టుందిగా!"

"తెలుసు. మీ ప్రశ్నకి ఆరోజు తప్పు జవాబు చెప్పాను." ఊపిరి తీసుకున్నాడు. "మాలో అందరికంటే నెమ్మదిగా నడిచేది నేను. రోజూ ఆ దారిలో నడిచాను. జారడం మానేసి పిల్లలు నా వెంటే వచ్చారు, పొమ్మన్నా పోలేదు. 'నువ్వు రాని రెండేళ్లూ అస్సలు బాలేదు మామయ్యా' అన్నారు."

ఆమెకి కళ్లు చెమర్చాయి.

"అక్కకి మీ గురించి చెప్పాను," అన్నాడు అతను. "కింద కార్లో కూర్చుంది. అడక్కుండా దిగొచ్చావంటే కాలు విరగ్గొడతానంది."

"పాపం, ఉన్న మంచి కాలు ఒక్కటే."

"అందుకే అడుగుతున్నా. మీరంటే నాకిష్టం. వచ్చే క్రిస్మస్‌కి ఏడు టికెట్లు కావాలి. నా పక్కన నడుస్తారా?"

ఈసారి అతని చెయ్యి కళ్లజోడు వైపు పోలేదు.

"క్రిస్మస్ దాకా ఎందుకు?" ఆమె దిగొచ్చి అతని మెట్టుమీదే నిలబడి చెయ్యి పట్టుకుంది. "ఇంకా పన్నెండు మెట్లున్నాయి."

కింద కారు హారన్ రెండుసార్లు మోగింది. అతను కంగారుగా వెనక్కి తిరగబోయాడు.

"అక్కని కాస్త ఆగమనండి," అంది ఆమె. "మనకి టైం పడుతుంది."

మూడేళ్లలో మొదటిసారి, అతను తనకోసం ఒకరిని ఆగనిచ్చాడు.