సగం మాత్ర

అగ్రికో కంపెనీ క్వార్టర్లలో ఎవరింట పసిపిల్లకు నీళ్లు పోయాలన్నా దాలమ్మ రావాల్సిందే. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, బిడ్డను వాటి మీద వేసుకుని ఆమె తలంటిందంటే, ఆ పసిగుడ్డు వీధంతా వినేలా ఏడ్చి, ఆనక ఒళ్లు తెలియకుండా నిద్రపోయేది.

అలాంటి దాలమ్మ ఆ రోజు పొద్దున్న సొంత మనవరాలికి నలుగు పెడుతూ పెడుతూ కునికింది. నూనె ఒంటి పసిది పక్కకు జారింది. కోడలు జానకి చేతిలో చెంబు పారేసి అందుకోబట్టి సరిపోయింది.

అప్పుడే నైట్ డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు బంగార్రాజు గుమ్మంలోంచి అంతా చూశాడు.

"బస్, చాలమ్మా! ఇంక పాపకి నువ్వు తానం పొయ్యొద్దు."

"నిన్నూ ఈ కాళ్ల మీదే పెంచినాన్రా."

"అప్పుడు నీకు ఒళ్లు తెలిసీది. ఇప్పుడేటి? కూరలో ఉప్పు రెండేపులేత్తన్నావు. గోడలట్టుకుని నడుత్తన్నావు. ముసిలైపోనావే, ఒప్పుకో!"

దాలమ్మకూ అలాగే అనిపించింది. నిజమే కదా. ఈమధ్య పక్కింటామె పేరు కూడా నోటికి రావడం లేదు. ఇక మూల కూర్చోవడమే అనుకుంది. చేతికంటిన నలుగుపిండి కడుక్కుంటుంటే కళ్లు నిండిపోయాయి.

జానకికి మాత్రం మనసొప్పలేదు. "పాప పుట్టినప్పుడు అత్తలాగ ఎవలు పరిగెట్టినారు? ఇంతలోనే ముసిలైపోద్దేటి?" అని మొగుడి మీద లేచి, ఆ సాయంత్రమే అందరినీ ఆటో ఎక్కించి సోనారిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టర్ సీతారామరావు పరీక్ష చేసి, "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు.

"మందులేటీ నేవు బాబూ. రాత్రి నిద్దరట్టదంటే మావోడు సగం మాత్ర ఇత్తాడు, అంతే."

బంగార్రాజు జేబులోంచి నిద్రమాత్రల అట్ట తీశాడు. "నాదే సార్. నైట్ డ్యూటీ వారం పగలు నిద్దరకి ఏసుకుంటాను. నిండు మాత్ర ఏసుకున్నా లేచి డ్యూటీకెల్తన్నాను. అమ్మకి సగవే. ఒక్క రాత్రీ మానకుండా ఇత్తన్నాను."

పాపం, గర్వంగానే చెప్పాడు.

"ఈ మందుని విరగ్గొట్టేది కాలేయమయ్యా, మన కార్జం," అన్నాడు డాక్టరు. "విరగ్గొట్టాక మిగిలేదీ మత్తిచ్చేదే. అది ఇంకా నెమ్మదిగా గానీ ఒంట్లోంచి పోదు. నీది వయసులో ఉన్న కార్జం, పైగా డ్యూటీ మారాక దానికి తెరిపి దొరుకుతుంది. అమ్మ కార్జం ఈ వయసులో నిదానం. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వేస్తున్నావు. ఆ సగాలన్నీ లోపల పోగుపడ్డాయి. ఆవిడ్ని కునికిస్తున్నది ఈ మాత్రే."

"ఇయ్యాల్నించే ఆపేత్తాను సార్!"

"ఒక్కసారిగా ఆపకూడదు. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రా."

బంగార్రాజు తల్లి చేతులు పట్టుకున్నాడు. "నానేనేటమ్మా నిన్నిలగ సేసింది? మల్లీ నిన్నే తిట్టినాను!" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

దాలమ్మ నవ్వింది. బయట బల్ల మీది రోగులు తొంగిచూసేలా నవ్వింది. "ఓరి నా తండ్రీ, ఏడుత్తావేటి! నాను ముసిల్దాన్ని అవనేదన్నమాట!"

మాత్ర పూర్తిగా మానేశాక, డాక్టరు సరేనన్న మర్నాడు పొద్దున్నే జానకి తనే పీట వేసి, బిడ్డను అత్త కాళ్ల మీద పడుకోబెట్టింది. దాలమ్మ చేతులు పాత చురుకుతో కదిలాయి. పసిది వీధంతా వినేలా గుక్కపట్టి ఏడ్చింది. దాలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

నైట్ డ్యూటీ చేసొచ్చిన బంగార్రాజు పడుకోకుండా గుమ్మంలో చతికిలబడి, తడి కళ్లతో నవ్వుతూ చూస్తున్నాడు.

"ఏట్రా, నిద్దరట్లేదేటి?" అంది దాలమ్మ, మనవరాలి మీద గోరువెచ్చని నీళ్లు పోస్తూ. "సగం మాత్ర ఇమ్మంటావా?"