ఎక్కిన టైము

మా గని టైం ఆఫీసులో నాది గుమాస్తా పని. "తలకాయలు లెక్కవెట్టుడు" అని మా అక్క జమున ఎగతాళి చేస్తుంది. నిజమే. పొద్దున గనిలోకి ఎందరు దిగారో, మధ్యాహ్నం మూడింటికి అంతమందీ పైకి ఎక్కారని కంప్యూటర్ షీటులో చూపించాలి. దిగిన టైము గడులకు తాళం, ఎవరూ మార్చలేరు. ఎక్కిన టైము గడులు తెరిచి ఉంటాయి. రెండు లెక్కలూ కలవకపోతే వెతకడానికి మనుషులు దిగాలి.

ఆ రోజు ముసురు. ఆఫీసు నిండా తడి బొగ్గు వాసన. నూట పన్నెండు మంది ఎక్కారు. మిగిలింది అక్క భర్త, ఉపేందర్ బావ. బావ ఎప్పుడూ ఆఖరునే వస్తాడు. అతని టైము ముందే కొట్టేసి చాయ్‌కి పోవడం నాకు అలవాటు. కానీ ఆ రోజు బావ గడి ఒక్కటే తాళం ఉందంటూ మొరాయించింది.

పాస్‌వర్డ్ కొట్టి షీటు తాళం తీశాను. గడి తెరిచి, షీటుకు మళ్లీ తాళం వేశాను. గడి మళ్లీ మూసుకుంది. మూడుసార్లు ఇదే తంతు. నాకు తిక్క రేగింది. పై వరుసలో గట్టయ్య కాక గడి బాగానే ఉంది కదా అని, షీటు తాళం తీసి, దాన్నే కాపీ చేసి బావ గడి మీద అతికించి, మళ్లీ తాళం వేశాను. కాక ఎక్కిన టైమే బావకూ పడింది, రెండు యాభై. లెక్క కలిసింది. ఇంచార్జి విష్ణువర్ధన్ సారు చూసి షిఫ్టు ముగించారు.

మూడున్నరైనా బావ జాడ లేదు. ల్యాంపు రూంలో అతను దీపం తెచ్చి తగిలించాల్సిన కొక్కెం ఖాళీగా ఉంది.

పరిగెత్తి వచ్చి ఆ టైము చెరపబోయాను. చెరగలేదు. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది... నేను పెట్టిన పాస్‌వర్డే. షీటు ప్రకారం బావ పైనే ఉన్నాడు. ఇక వెతకడానికి ఎవరు దిగుతారు?

"సార్, ఆ టైము నేనే వేసిన. మా బావ ఇంక లోపల్నే ఉన్నడు," అన్నాను. సారు ముఖం పాలిపోయింది. మనుషులను పిలవడానికి బయటికి పరిగెత్తారు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. బావ ఇప్పుడే ఇల్లు చేరాడట. కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడట. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క గొంతు తగ్గించింది.

"తమ్మీ... 'నేనింక ఎక్కనే లేదు, ఎక్కిన్నని ఎందుకు రాసిండు' అని నిన్ను అడుగుమంటున్నడు."

ఇంతలో టేబుల్ మీద గని లోపలి ఫోను మోగింది. ఎత్తాను. నీళ్లు కారుతున్న చప్పుడు... ఆయాసం... బావ గొంతే.

"వీరేందర్... కాలు బెణికింది. మెల్లగ నడుచుకుంట వస్తున్న. ఫికర్ జెయ్యకు."

రెండో చెవిలో అక్క గుసగుస.

"తమ్మీ... ఆ రెండో ఫోన్ల ఎవలున్నరని అడుగుతున్నడు... వాణ్ని పైకి రానియ్యకు అంటున్నడు."