మేనత్త పేరు లేని శుభలేఖ

పొద్దున్నే ప్రింటింగ్ ప్రెస్సు తలుపులు తీసి, కూతురి శుభలేఖ మొదటి ప్రతిని చేతిలో పట్టుకుని మురిసిపోతున్నాడు ప్రెస్సాయన. పెళ్లికొడుకుది వేరే కులం. అయినా ఇంట్లో ఎవరూ ముఖం మాడ్చుకోలేదు. చుట్టాలు కూడా "ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తున్నారు!" అని తేల్చేశారు.

కూతురు మాత్రం చదివి, శుభలేఖ బల్లమీద పెట్టేసింది.

"ఇందులో అత్త పేరేది నాన్నా?"

"ఇప్పుడా గొడవెందుకమ్మా?"

"అత్త చేసిందీ ఇదేగా! తనకి తలుపు మూసి, నాకు పందిరి వేస్తావా? అత్త రాకపోతే నాకీ పెళ్లే వద్దు."

ఇరవై ఎనిమిదేళ్ల కిందట తన చెల్లెలు వేరే కులానికి చెందిన ఓ ఎలక్ట్రీషియన్‌ని పెళ్లి చేసుకుంటే, "నా చెల్లెలు చచ్చిపోయింది" అని నలుగురి ముందూ తలస్నానం చేశాడు. బతికున్న మనిషికి నీళ్లు వదిలేశాడు. తల్లి పోయిన రోజున ఆమె పరుగున వస్తే లోపలికి రానివ్వలేదు. ఎండలో వీధిలోనే నిలబడి ఏడ్చి, వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన ఆమె ఇంటికి వెళ్లాడు. నర్సు యూనిఫాంలో డ్యూటీకి బయల్దేరుతున్న చెల్లెలు ఆగిపోయింది. శుభలేఖ అందుకుని చదివింది.

"పిల్లాడిది వేరే కులమటగా?"

"అవునమ్మా."

"నేను చేస్తే పాపం, నీ కూతురు చేస్తే శుభకార్యం! ధర్మం ఎప్పుడు మారిందన్నయ్యా? సంబంధం కుదిరినప్పుడు నాకో కబురైనా పెట్టలేదే!"

"అప్పుడు అదే ధర్మమనుకున్నానంటే అబద్ధం. నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. ఇప్పుడు ఆ నలుగురూ సరేనన్నారు, నేనూ సరేనన్నాను. నా అంతట నేను ఒక్కసారీ నిలబడలేదు తల్లీ."

ఆమె శుభలేఖ తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మ చివర్లో నన్ను అడిగిందా?"

"రోజూ."

ఆమె కుర్చీలో కూలబడిపోయింది. అన్న ఆమె కాళ్ల దగ్గర నేలమీదే కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. "వస్తాను. నీ కోసం కాదు, పిల్ల కోసం. కానీ నా పేరొక్కటే వేస్తే రాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. శుభలేఖ మీద ఆనించి ఆగిపోయాడు. ఇన్నేళ్లూ చెల్లెలి భర్తని "వాడు" అనడమే తప్ప, పేరేమిటో ఎవరినీ చెప్పనివ్వలేదు.

"బావ పూర్తి పేరేంటమ్మా?" అన్నాడు తలెత్తకుండానే.

ఆమె ఏడుస్తూనే చెప్పింది. శుభలేఖలో తన పేరు పక్కనే ఆయన వాళ్లిద్దరి పేర్లూ రాశాడు.