పది మార్కుల పాలు

ఆ ఉదయం కొట్టంలో మిషన్ చప్పుడు వినబడలేదు. అమ్మాయి పళ్లు తోముకుంటూ వచ్చి చూస్తే, పాలు పితికే మిషన్ గడ్డివాము వెనక పాత దుప్పటి కింద దాక్కుని ఉంది.

"నాన్నా, దీనికేమైనా జ్వరమా? దుప్పటి కప్పావ్!"

"నవ్వులాటగా ఉందా నీకు? పదింటికి పర్యాటక శాఖ మేడమ్ వస్తోంది. చేత్తో పాలు పితికే పాతపద్ధతికి పది మార్కులు. మిషన్ కనబడిందంటే సున్నా!"

ప్రభుత్వం కొత్తగా పెట్టిన పథకం అది. పట్నంవాళ్లు వచ్చి రైతుల ఇళ్ల దగ్గర రెండు రోజులుండి సేద్యం చూసి వెళ్లడానికి మూడు గదులు కట్టుకుంటే సగం ఖర్చు సర్కారే ఇస్తుంది, ప్రచార పుస్తకంలో పేరూ వేస్తుంది. డెబ్బై మార్కులు రావాలి. పాలతో కలిపితే డెబ్బైనాలుగు, పాలు లేకపోతే అరవైనాలుగు. ఆయన ఆ లెక్క వారం నుంచీ వేసుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో ఆయన్ని వెనకాల మేనేజరుగారు అంటారు. పొలం చూస్తాడు, పాలు అమ్ముకొస్తాడు, బద్ధకస్తుడని ఎవరూ అనలేరు. కానీ ఆవు పక్కన కూర్చున్న పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు.

"మరి పితికేదెవరు?"

"ఇంకెవరు? మీ అమ్మే."

"అమ్మ చెయ్యి సంగతి మర్చిపోయావా?"

కుడి మణికట్టుకి కిందటేడు ఆపరేషన్ అయింది. మళ్లీ శ్రమపెడితే వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. మిషన్ కొన్నదే అందుకు.

"అయిదు నిమిషాలేగా!"

"ఈవేళ అయిదు నిమిషాలు. తర్వాత వచ్చిన అతిథులందరికీ చూపించాలని ఫారంలో ఉంది. చదవలేదా?"

చదివాడు. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు.

మేత వేస్తున్న తల్లి తల తిప్పకుండానే "ఊరుకోవే, పితుకుతాలే" అంది. అమ్మాయికి తండ్రి కంటే తల్లి మీదే ఎక్కువ మండింది.

మేడమ్ సరిగ్గా పదింటికి వచ్చింది. కలుపుగోలు మనిషి. దారి చూసింది, మరుగుదొడ్లు చూసింది, బోర్డు చూసి బాగుందంది. తల్లి ఎర్రావు దగ్గర కూర్చోగానే ఫోను తీసింది.

"కాస్త నవ్వండమ్మా, ప్రచార వీడియోలో పెడతాం."

తల్లి నవ్వింది. నాలుగు ధారలు బాగానే పడ్డాయి. తర్వాత కుడిచేతి వేళ్లు పట్టు వదిలేశాయి. ఎడమచేత్తో లాగింది. పాలు బకెట్ పక్కన నేలమీద పడ్డాయి. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంది.

"రెండు చేతులతో పితకండమ్మా, చూడ్డానికి బాగుంటుంది" అంది మేడమ్, పాపం తెలియక.

"చాలు, ఆపండి మేడమ్!" అమ్మాయి బకెట్ లాగేసింది. "అమ్మ చేతికి ఆపరేషన్ అయింది. మాకు మిషన్ ఉంది. అదిగో, ఆ దుప్పటి కింద!"

తండ్రి మొహం ఎర్రబడింది. "నా పరువు తీశావు కదే!"

"మూడు గదుల కోసం అమ్మ చెయ్యి పోగొడతావా?"

"ఆ గదులు నాకోసమా? మీకోసం కాదూ!"

తల్లి లేచి నిలబడింది. "ఇద్దరూ నోరు ముయ్యండి. మేడమ్, ఇంట్లో ఎవరు పితికినా సరేనా?"

"సరేనమ్మా."

"అయితే మీరు కూర్చోండి" అంది మొగుడితో.

మేనేజరుగారు నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. దాంతో ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నాడు. ఆవు తల తిప్పి, ఈయనెవరన్నట్టు చూసింది. కొత్తచేతికి పాలు విడవనంది. పావుగంట కుస్తీ పడితే గ్లాసెడు వచ్చాయి. చొక్కా తడిసిపోయింది. వేళ్లు కొంకర్లు పోయాయి.

"అన్ని ఆవులకీ నువ్వే..."

"పద్నాలుగు. రెండు పూటలా. పంతొమ్మిదేళ్లు."

ఆయన లేచి వెళ్లి, దుప్పటి తనే లాగేశాడు.

"మేడమ్, మిషన్ అనే రాసుకోండి."

"మార్కులు తగ్గుతాయండీ. ఈ ఏడాదికి మీకు గదులు రానట్టే."

"తెలుసు. రాయండి."

మేడమ్ రాసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికి సగం ఒలికింది.

"ఈ నొప్పి ఎన్నాళ్లుంటుందే?" అన్నాడు.

"మీకా? రేపటికి తగ్గిపోతుంది లెండి."

ఎత్తిపొడుపుగా అనలేదు ఆవిడ. నిజంగానే ధైర్యం చెప్పింది. ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆవిడ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ మెల్లగా ముడిచి చూశాడు. చూపుడువేలు సగానికే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఒక్కసారైనా ఇలా పట్టుకుని చూడనందుకు సిగ్గేసింది. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరుకోండి, అమ్మాయి చూస్తోంది" అంది ఆవిడ. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.