కోరీన్ అడిగిన కురచ తుపాకీ

"నాకు కురచ తుపాకీ కిట్టు కావాలండీ," అంది ఆ అమ్మాయి, నీళ్లు కారుతున్న గొడుగును సరాసరి కేటలాగుల మీద పెట్టేసి.

లూసియన్ గార్నో ప్రాణం చివుక్కుమంది. కేటలాగులు తడిసినందుకు కాదు, ఆ మాటకి.

అది పాతకాలం తుపాకుల కిట్లు అమ్మే షాపు. వెనకటికి బీవర్ తోళ్లు తీసుకుని తోళ్ల వర్తకం కంపెనీవాళ్లు ఇక్కడి ఆదివాసుల చేతిలో పెట్టిన తుపాకులున్నాయే, మూతిలోంచి మందు దట్టించి చెకుముకి రాయితో పేల్చేవి, వాటికి అచ్చు నకళ్లు. ఇనుప గొట్టం, సగం చెక్కిన కర్ర, గుప్పెడు ఇత్తడి ముక్కలు ఓ పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇంటికి పట్టుకెళ్లి ఓ శీతాకాలమంతా అరగదీసుకుంటూ కూర్చుంటే తుపాకీ అవుతుంది. థండర్ బే నుంచి గంట దూరంలో, సరస్సు ఒడ్డున, లూసియన్ వాళ్ల నాన్న పెట్టిన షాపది. ఆయన పోయి మూడేళ్లయింది. ఏ ఏడాది తుపాకీకి ఏ మేకు వాడారో చెప్పగలిగే ఆయన పట్టుదల మాత్రం కొడుకు ఒంట్లో దిగబడి, అలాగే ఉండిపోయింది.

"కురచదంటే?" అన్నాడు లూసియన్.

"ఇంత." ఆమె కౌంటరు అంచు దాకా చెయ్యి పెట్టి చూపించింది. "పడవలో కూర్చుని పేల్చుకోవడానికి వీలుగా ఉంటుందే, అది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కూడా."

"ఆన్‌లైన్‌లో రెక్కల గుర్రాలు కూడా అమ్ముతారండీ."

"నాకు గుర్రం వద్దు. తుపాకీ చాలు."

నవ్వొచ్చింది లూసియన్‌కి. నవ్వేసి ఊరుకుంటే బాగుండేది. కానీ గార్నో వంశంలో మగవాళ్లకి తెలిసింది చెప్పకుండా ఊరుకోలేని జబ్బొకటుంది.

"అలాంటిది చరిత్రలో లేదండీ. కంపెనీవాళ్లు కురచ తుపాకీ ఒక్కటంటే ఒక్కటి చేయలేదు. ఎక్కడో బొమ్మ తుపాకీ చూసి ఉంటారు."

ఆమె మొహంలో నవ్వు టక్కున ఆరిపోయింది.

"మీరు ఆ గార్నోగారి అబ్బాయా?"

"అవును. మా నాన్న మీకు తెలుసా?"

"తెలియకేం! తొమ్మిదేళ్ల కిందట, వేసవి శిబిరంలో, నలభై మంది ముందు మా అమ్మమ్మని పట్టుకుని ఆయన అన్న మాటే ఇప్పుడు మీరన్నారు. అక్షరం పొల్లు పోలేదు. ఆవిడ మా ఇంటి తుపాకీ కథ చెబుతుంటే మధ్యలో లేచి, 'అలాంటిది చరిత్రలో లేదమ్మా, బొమ్మ తుపాకీ చూసి ఉంటావు' అన్నాడు. ఆ రోజు నుంచి మా అమ్మమ్మ ఆ కథ చెప్పడమే మానేసింది."

లూసియన్‌కి తల కొట్టేసినట్టయింది. "ఏం కథ?"

"చెప్పడం మానేసిందని చెబుతుంటే ఏం కథంటావేంటి!" 'మీరు' కాస్తా 'నువ్వు'లోకి దిగింది. "ఏటా కొత్త బియ్యం విందులో ఆ కథ చెప్పి, అందరం ఆ తుపాకీని తలుచుకుని దండం పెట్టుకునేవాళ్లం. తుపాకీ ఎప్పుడో గుడిసెతోపాటు కాలిపోయింది. కథ ఒక్కటే మిగిలింది, అదీ చిన్నప్పుడు విన్నది, కురచ తుపాకీ అన్నది తప్ప నాకేం గుర్తులేదు. దాన్ని మీ నాన్న కాల్చేశాడు. ఆవిడకి ఎనభై ఆరేళ్లు. తుపాకీ చేయించి ఎదురుగా పెడితే ఒక్కసారైనా నోరు విప్పుతుందేమోనని వచ్చాను. పొరపాటైపోయింది."

తలుపు ధడేల్‌మంది. వానలో ఆమె పాత పికప్ వెళ్లిపోయింది. గొడుగు మాత్రం కేటలాగుల మీదే ఉండిపోయింది.

ఆ గొడుగుకి ఓ కాగితం ముక్క అంటించి ఉంది. కోరీన్, తోళ్ల పని అని, కింద ఫోన్ నంబరు. నాలుగు రోజులు లూసియన్ ఆ నంబరు చూస్తూ కూర్చున్నాడు. చేస్తే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఐదో రోజు గొడుగు, మూడు కేటలాగులు చంకన పెట్టుకుని బయల్దేరాడు.

సరస్సు పక్కన ఆదివాసుల రిజర్వ్ ఊళ్లో చివరి ఇల్లు వాళ్లది. వాకిట్లో టార్పాలిన్ కింద కోరీన్ మూస్ దుప్పి తోలును చట్రానికి బిగించి, రెండు చేతులతో బరబరా గీకుతోంది. పక్కనే కుర్చీలో వాళ్ల అమ్మమ్మ అగాథ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"గొడుగు తెచ్చాను," అన్నాడు.

"అక్కడ పెట్టు. ఆ పుస్తకాలేంటి?"

"కేటలాగులు. అసలు ఏ కాలంలో ఏ తుపాకీ ఉండేదో అమ్మమ్మగారికి వివరంగా చెబుదామని."

కోరీన్ గీకడం ఆపింది. అమ్మమ్మ తల ఎత్తలేదు.

"కోరీన్, ఆ అబ్బాయి పొగాకు తెచ్చాడా?"

"లేదమ్మమ్మా. పుస్తకాలు తెచ్చాడు."

"ఓహో. అయితే అడగడానికి రాలేదన్నమాట," అని ఆవిడ మరో దుంప అందుకుంది.

లూసియన్ నాలుక కరుచుకున్నాడు. ఈ ఒడ్డున పుట్టి పెరిగినవాడే. పెద్దవాళ్లని ఏదైనా అడగాలంటే ముందు చిటికెడు పొగాకు చేతికివ్వాలి, వాళ్లు తీసుకుంటే సరేనన్నట్టు. ఆ సంగతి తెలియనివాడు కాదు. తనకి తెలియనిది ఆవిడ దగ్గర ఉంటుందని తట్టలేదు, అంతే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఒక్క అరగంట," అని పరిగెత్తాడు.

పదిహేను కిలోమీటర్ల అవతల బంకులో పొగాకు పొట్లం కొని తిరిగొచ్చేసరికి వాన దంచేస్తోంది. కారు దిగి టార్పాలిన్ కిందికి చేరేలోపు నిలువునా తడిసిపోయాడు.

"వాన వచ్చే ముందు గొడుగు ఇచ్చేసి వెళ్లే తెలివి నీకే ఉంది," అంది కోరీన్. ఆ మాటలో వెటకారం ఉన్నా, తువ్వాలు కూడా విసిరింది.

లూసియన్ అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని పొగాకు చాచాడు. "అమ్మమ్మా, ఆ తుపాకీ ఎంత పొడుగుండేది?"

ఆవిడ అతని కళ్లలోకి చూసింది. ఆఖరికి పొగాకు తీసుకుంది.

"నాకప్పుడు ఏడేళ్లు. నిలబెడితే నా మెడ దాకా వచ్చేది. మూతి సాపుగా ఉండేది కాదు, వంకరగా, ఎవరో ఆకురాయితో కోసినట్టుండేది. నువ్వు అడిగింది ఇంతే కాబట్టి నేను చెప్పేదీ ఇంతే. మిగతాది తుపాకీ వచ్చి చెప్పమంటే చెబుతాను."

ఆకురాయితో కోసినట్టా! లూసియన్ బుర్ర గిర్రున తిరిగింది. తల తిప్పాడు. చూపు కోరీన్ చేతుల మీద పడి అక్కడే అతుక్కుపోయింది.

"ఏంటలా చూస్తున్నావు?" అంది కోరీన్, బుగ్గలు ఎర్రబడుతుంటే.

"నీ చేతిలో..."

"నా చేతులకేమైంది?"

"చేతులు బాగానే ఉన్నాయి. చాలా బాగున్నాయి. ఆ గీకే బద్ద ఒకసారి ఇస్తావా?"

"ఇది మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మది. ఎవరికీ ఇవ్వను."

లూసియన్ పొట్లంలోంచి ఇంకో చిటికెడు తీసి ఆమె ముందు చాచాడు. కోరీన్ పకపకా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వితే ఎలా ఉంటుందో అతనికి పూర్తిగా తెలిసింది అప్పుడే. ఆ తర్వాత పాపం మళ్లీ మామూలు మనిషి కాలేదు.

బద్ద ఒక కొస వెడల్పుగా, పళ్లు పళ్లుగా ఉంది. రెండో కొసకి పట్టు కోసం తోలు చుట్టారు. అమ్మమ్మ తలూపాక అతను ఆ తోలు మెల్లగా విప్పాడు. లోపల ఇనుము గుండ్రంగా, గొట్టంలా ఉంది. దాని వీపు మీద గోధుమగింజంత ఇత్తడి ముక్క.

"ఇది గురి చూసుకునే పలుకు," అన్నాడు. "ఇది తుపాకీ మూతి, కోరీన్. ఇన్నాళ్లూ తుపాకీతోనే తోళ్లు గీకుతున్నావు. ఇక్కడ చూడు, గొట్టం పేలి చీలింది. ఆ చీలికనే తెరిచి, సాగగొట్టి బద్ద చేశారు."

కోరీన్ చట్రం వదిలేసి, దగ్గరికొచ్చి వంగి చూసింది.

"అమ్మమ్మా," అన్నాడు లూసియన్, "కంపెనీవాళ్లు కురచ తుపాకీ చేయలేదు. మీ అవ్వ చేసింది. మా నాన్న తరఫున, నా తరఫున తప్పైపోయింది."

అమ్మమ్మ కొంగు లేని మనిషి కాబట్టి చేతిలో దుంపల గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. "మీ నాన్న చెడ్డవాడు కాదులే నాయనా. అడగడం చేతకాలేదు, అంతే."

తర్వాత ముగ్గురూ కలిసి కేటలాగు ముందేసుకున్నారు.

"మరైతే ఈ పడవ తుపాకీ కిట్టే కదా తీసుకోవాలి? కురచగానే ఉందిగా!" అంది కోరీన్.

"వద్దు. ఇది పుట్టుకతోనే కురచ, ఈ కాలంవాళ్లు కల్పించింది. మనది పొడుగ్గా పుట్టి కురచైంది."

"ఈ ఫ్రెంచిది?"

"అందంగా ఉంది గానీ వందేళ్లు ముందుది. ఇదిగో, ఇదీ మనది. బద్ద పొడుగు, ఏడేళ్లప్పటి అమ్మమ్మ మెడ ఎత్తు కలిపి, వెనక కర్ర తీసేస్తే సరిగ్గా మూడడుగుల గొట్టం వస్తోంది. లోపలి వెడల్పూ సరిపోయింది. పక్కన అతికించే ఈ ఇత్తడి పాము బొమ్మ చూడు. చేతికి చలి తొడుగులు తీయకుండానే వేలు పట్టేలా, మీట చుట్టూ ఉన్న ఈ పెద్ద గార్డు చూడు."

"మనది, మనది అంటున్నావు. ఎవరిది?"

"అంటే... మీది."

"నోరు జారిందా?"

"జారింది."

"ఏం పర్లేదు," అంది కోరీన్ పేజీ తిప్పుతూ.

ఆ వేసవి ప్రతి శనివారం ఆమె షాపుకి వచ్చింది. కర్ర నునుపు చేసింది ఆమె, ఇత్తడి పాము అతికించింది అతను. పాముకి తల పెద్దదైందని ఆమె, ఆ కాలంలో అంతే ఉండేదని అతను, ఆ పాము కోసం రెండు వారాలు మాటల్లేవు. మూడో శనివారం ఆమె బ్లూబెర్రీలు వేసి కాల్చిన రొట్టె తెచ్చింది. పాము తల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు చివరికి తుపాకీ పూర్తయింది. పొడుగ్గా, నిఖార్సుగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా. నాన్న ఉంటే షాపు అద్దాల బీరువాలో పెట్టేవాడు.

ఇప్పుడు దాన్ని కోయాలి.

లూసియన్ బల్ల ముందు గంటసేపు నిలబడ్డాడు. చూసీ చూసీ కోరీన్ మనసు కరిగింది. "నీకంత కష్టంగా ఉంటే వద్దులే లూసియన్. పొడుగ్గానే పెడదాం. అమ్మమ్మకి నేను చెప్పుకుంటాను."

"పొడుగ్గా ఉంటే ఇది మా నాన్న తుపాకీ అవుతుంది. మీ అవ్వది కాదు," అని అతను ఆకురాయి అందుకున్నాడు.

"రంపం ఎదురుగా పెట్టుకుని ఆకురాయేంటి! రెండ్రోజులు పడుతుంది."

"మీ అవ్వకి రంపం లేదుగా."

కోరీన్ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, గొట్టం కదలకుండా పట్టుకుంది. రెండ్రోజులూ పట్టుకునే ఉంది.

సెప్టెంబర్‌లో కొత్త బియ్యం విందు. సరస్సులోంచి దులిపి తెచ్చిన అడవి బియ్యం, బాతు పులుసు, ఊరంతా జనం. అమ్మమ్మ ముందు కంబళి పరిచి తుపాకీ పెట్టారు. ఆవిడ వంగి, బొటనవేలితో దాని మూతిని తడిమింది. వంకరగా, ఆకురాయి గాట్లతో ఉంది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఆగింది.

"ఆ ఏడు చలికి చెట్లు పగిలాయి," అని మొదలుపెట్టింది అమ్మమ్మ. తొమ్మిదేళ్ల తర్వాత.

"మా తాత మంచు కింద పోయాడు. ఇద్దరు పసిపిల్లలతో మా అవ్వ మిగిలింది. పొదలకోడిని చూసి పేలిస్తే, మూతిలో మంచు కూరుకుని గొట్టం చీలిపోయింది. అవ్వ ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్లు గడ్డకట్టే చలి. ఆకురాయితో రెండ్రోజులు కోసింది. మూడో రోజు ఆ మిగిలిన ముక్కతోనే మూస్‌ని కొట్టింది. తెగిన మూతిని ఏం చేసిందో మొన్నటిదాకా నాకూ తెలియదు, దాన్నే సాగగొట్టి ఆ తోలు గీకి పిల్లలకి కప్పింది. ఆ పిల్లల్లో చిన్నది మా అమ్మ. అందుకే నేనున్నాను. అందుకే మీరందరూ ఉన్నారు. మీగ్వెచ్."

"మీగ్వెచ్," అన్నారు అందరూ తలలు వంచి. తరతరాల కృతజ్ఞత ఆ ఒక్క మాటలో పట్టింది.

"ఈ అబ్బాయికి కూడా," అంది అమ్మమ్మ. "వాళ్ల నాన్నకి కూడా. ఆ రోజు ఆయన కాదనకపోతే నా మనవరాలు ఆ షాపు గుమ్మం తొక్కేది కాదు. మా ఇంట్లో తుపాకీ ఉందని మాకే తెలిసేది కాదు."

లూసియన్‌కి కళ్లు నిండిపోయాయి. నాన్నకి ఎవరైనా కృతజ్ఞత చెప్పగా వినడం, ఆయన పోయాక ఇదే మొదలు. ముందుకొచ్చి, జేబులోంచి పొగాకు తీసి అమ్మమ్మ ముందు చాచాడు.

"మళ్లీ ఏం కొలుస్తావురా?" అంది ఆవిడ.

"ఈసారి కొలిచేదేం లేదమ్మమ్మా. అడగడానికే వచ్చాను," అని కోరీన్ వైపు చూశాడు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మమ్మ మాత్రం చెయ్యి చాచలేదు. "నన్ను సరే. దాన్ని అడిగావా?"

లూసియన్ మొహం పాలిపోయింది.

"ఎక్కడ అడిగాడమ్మమ్మా!" అంది కోరీన్. "అడగడం ఇప్పుడిప్పుడేగా నేర్చుకుంటున్నాడు."

అతను చొక్కా లోపల్నుంచి ఓ గుడ్డ మూట తీసి ఆమె చేతిలో పెట్టాడు. తను కోసిన గొట్టం ముక్క. ఒక కొస చీల్చి, సాగగొట్టి, పళ్లు తీశాడు. రెండో కొసకి తోలు చుట్టాడు. ఇత్తడి పలుకు మాత్రం బయటికి కనబడేలా వదిలాడు.

"అవ్వ బద్ద అరిగిపోతోంది కదా," అన్నాడు. "ఇకమీదట... నీకు ఇష్టమైతేనే... దీంతో..."

కోరీన్ బద్దను అటూ ఇటూ తిప్పి, అంచు మీద వేలు పెట్టి చూసింది.

"పళ్లు కొంచెం దూరం పడ్డాయి."

"దూరం పడితే?"

"మాటిమాటికీ నూరాల్సి వస్తుంది. నాకంత తీరిక లేదు. నువ్వే వచ్చి నూరిపెట్టాలి."

"ఎన్నాళ్లు?"

"అరిగిపోయేదాకా," అంది కోరీన్. "మా ఇంట్లో ఇవి నూరేళ్లు దాటినా అరగవు మరి."

అమ్మమ్మ పొగాకు తీసుకుంది.