నన్ను తప్ప అందర్నీ అడిగింది

చుక్కాని బోల్టు విరిగింది. నడిసముద్రంలో కాకుండా ఒడ్డుకి దగ్గరగా విరిగింది కాబట్టి బతికిపోయాం. పడవ కెప్టెన్ గారు లంగరు వేసి, మ్యాప్ విప్పి, కొత్త బోల్టు దొరికే ఊరిని చూపించారు.

"ఇదిగో, వేలెడు దూరం. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళినా భోజనం వేళకి వచ్చేస్తారు," అన్నారు.

ఆయన చూపించింది సముద్రపు మ్యాప్. అందులో నీళ్ళ లోతులూ, రాళ్ళూ, లైట్‌హౌసులూ అన్నీ ఉంటాయి. నేల మాత్రం తెల్ల కాగితమే. ఆ తెల్ల కాగితం మీద మేం నడవాలి.

మేం అంటే నేనూ, కెప్టెన్ గారి అన్న కూతురూ. నేను తెరచాపలు కుట్టేవాణ్ణి. కొత్తగా కుట్టిన తెరచాప గాలికి ఎలా నిలుస్తుందో చూద్దామని నన్నూ ఎక్కించుకున్నారు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. సెలవు పెట్టి బాబాయితోనూ పిన్నితోనూ వచ్చింది. బాబాయి ఆమెని ప్రశ్నల పుట్ట అంటారు. ఎందుకో పడవెక్కిన కాసేపటికే నాకు తెలిసిపోయింది.

దిగేటప్పుడు ఆమె భుజాన బ్యాగు ఉంది. సముద్రం ఇక చాలనీ, ఆ ఊళ్ళో బస్సు దొరుకుతుందట కాబట్టి అటు నుంచి అటే ఇంటికి వెళ్ళిపోతాననీ పిన్నితో చెప్పింది. పిన్ని ఆమె వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను మ్యాప్ చుట్టి చంకలో పెట్టుకున్నాను.

ఆమె అంటే నాకిష్టం. చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆమె ఈ లోకంలో అందర్నీ అన్నీ అడుగుతుంది. నన్ను మాత్రం ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు. మీ ఊరేది అని కూడా. అంత కుతూహలం ఉన్న మనిషికి నా సంగతి అక్కర్లేదంటే, ఇంకా విడమరిచి చెప్పాలా?

దారిలోనూ అదే వరస. వలలు ఆరేస్తున్న ఆవిణ్ణి, చిరిగిన చోటు ఎలా కనిపెడతారని అడిగింది. చిరుగుల సంగతి నన్నడిగితే నేను చెప్పనా? మేకలు కాసే తాతని, ముందు ఏ మేక నడవాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, మేకలే అన్నాడు. ఆ జవాబుకి ఆమె పొంగిపోయింది.

ఊరి నీళ్ళ ట్యాంకు ఎదురుగానే కనిపిస్తోంది. మధ్యలో ఉప్పుటేరు. మ్యాప్‌లో దాని మూతి మాత్రమే ఉంది, పొట్ట లేదు. వంతెన వెతుక్కుంటూ, ఊరికి వీపు పెట్టి, గట్టు వెంట ఎంత దూరం నడిచామో లెక్కలేదు.

వంతెనకి రంగు వేస్తున్న మనిషిని, మీ ఇంటి తలుపు ఏ రంగని అడిగింది. ఇంటికి ఇంతవరకూ రంగే వెయ్యలేదమ్మా అని అతను పడీపడీ నవ్వాడు.

అంతలో చినుకులు పడ్డాయి. మ్యాప్‌ని ఇద్దరం నెత్తిన పట్టుకున్నాం. నడకకి పనికిరాని మ్యాప్ గొడుగుగా పనికొచ్చింది. ఆమె మోచెయ్యి నా చేతికి తగులుతోంది. అయినా నేను మూతి ముడుచుకునే నడిచాను. ఆమె గమనించింది గానీ ఎందుకని అడగలేదు. చూశారా, అదీ అడగలేదు.

ఊళ్ళో బోల్టు దొరికింది. షాపు ఎదురుగానే బస్సు, బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఆమె బ్యాగు సర్దుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"దారంతా అందర్నీ అడిగావు," అన్నాను. "మేకల గురించి కూడా అడిగావు. నన్నేం అడగలేదు."

ఆమె నన్ను నింపాదిగా చూసింది. "వాళ్ళు మళ్ళీ దొరకరు. అందుకే అప్పటికప్పుడు అడిగేస్తాను. నీ విషయంలో తొందరేముంది? మెల్లగా ఒక్కొక్కటీ అడగొచ్చని దాచుకున్నాను."

డ్రైవర్ హారన్ కొట్టాడు.

"మరి బస్సెక్కేస్తున్నావుగా. ఇంకెప్పుడు అడుగుతావు?"

"ఉండమంటావేమోనని పడవ దిగినప్పట్నుంచీ చూస్తున్నాను. నువ్వేమో మూతి ముడుచుకుని నడిచావు."

"నువ్వంటే నాకిష్టం. ఉండు," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది, బస్సు కిటికీ పక్కనున్న ఆవిడ తల బయటపెట్టి చూసింది.

ఆమె బ్యాగు తీసి నా భుజానికి తగిలించింది. బస్సు వెళ్ళిపోయింది.

ఇద్దరం మళ్ళీ వంతెన దగ్గరికి వచ్చాం. రంగు ఇంకా ఆరలేదు, జాగ్రత్తగా మధ్యలో నడిచాం. అక్కడ ఆగి, "మీ ఊరేది?" అంది. చెప్పాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరెవరుంటారంది. సూది గుచ్చుకుంటే ఏం చేస్తావంది. అన్నిటికీ చెబుతూ నడిచాను. నా గురించి ఇంత ఉందని నాకే తెలియదు.

మేం పడవ చేరేసరికి పొద్దు వాలుతోంది. వేలెడు దూరానికి ఇంతసేపేమిటని కెప్టెన్ గారు విసుక్కుని, బోల్టు అందుకుని వెళ్ళిపోయారు. పిన్ని మాత్రం అప్పటికే నాలుగు పళ్ళాలు కడిగి పెట్టింది. నా భుజాన ఉన్న బ్యాగు చూసి, "అడగడం అయిందా?" అంది ఆమెతో.

"ఇప్పుడే మొదలైంది పిన్నీ."

పిన్ని ముందు నాకే వడ్డించింది.